పదిహేడు చలానాలు, మా అమ్మ తుంటి ఎముక: బెంగళూరు ట్రాఫిక్ పోలీసులకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరు ట్రాఫిక్ పోలీసు అధికారులకు, కర్ణాటక రవాణా శాఖ వారికి,

నమస్కారం. నేను కె.ఆర్.పురంలో ఉంటాను. మాది కదిరి. పెళ్లయి ఇక్కడికి వచ్చి పందొమ్మిదేళ్లయింది, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, ఓటు, రేషన్ కార్డు అన్నీ ఇక్కడివే, కాబట్టి ఈ ఊరి రోడ్ల గురించి మాట్లాడే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను. ఇదే ఉత్తరం కన్నడంలో కూడా ఉంది, మా పక్కింటి రిటైర్డ్ మేష్టారి దగ్గర కూర్చుని రాయించుకున్నాను, ఆ కాపీని మీకు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. మళ్లీ తెలుగులో ఎందుకంటే, మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, ఇటు రామమూర్తినగర్ దాకా పీజీల్లో ఉంటూ బండ్ల మీద తిరిగే పిల్లల్లో మనవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. మా అమ్మని గుద్దిన అబ్బాయి కూడా మనవాడే. మీకు చెప్పాల్సిందీ వాళ్లు వినాల్సిందీ ఒకటే విషయం కాబట్టి రెండు భాషల్లోనూ ఉండాలనిపించింది.

జరిగింది ముందు చెప్తాను.

2025 జులైలో ఒక శనివారం, పొద్దున తొమ్మిది కాకముందు, మా అమ్మ గుడికి బయల్దేరింది. ఆమెకి డెబ్బై ఒకటి. శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లకపోతే ఆ రోజంతా ఆమెకి ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. మా ఇంటి సందు దాటగానే సర్వీసు రోడ్డు, అది వన్‌వే, దాటితే అవతల గుడికి రెండు నిమిషాలు. ఆ రోడ్డు ఎలా దాటాలో నేనే ఆమెకి నేర్పించాను, ఎందుకంటే కదిరిలో ఆమె ఎప్పుడూ అన్ని బండ్లు చూడలేదు. అమ్మా, ఫుట్‌పాత్ అంచున నిలబడు, కుడివైపు చూడు, బండ్లు అటునుంచే వస్తాయి, ఖాళీ దొరికాకే కదులు అని చెప్పాను. ఆ రోజు కూడా ఆమె అలాగే చేసింది. ఎదురుగా బడ్డీకొట్టాయన చూశాడు, ఆయనే చెప్పాడు: ఆగింది, కుడివైపు చూసింది, ఒక ఆటో పోయేదాకా ఉంది, ఆ తర్వాతే కాలు కింద పెట్టింది. బండి ఎడమవైపు నుంచి వచ్చింది.

ఆ మాట నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది. ఆమె చూడాల్సిన వైపే చూసింది. నేను నేర్పిందే చేసింది.

నేను వెళ్లేసరికి అమ్మ రోడ్డు పక్కన కూర్చుని ఉంది, పూల సజ్జ కొంచెం దూరంగా పడి ఉంది, కనకాంబరాలు రోడ్డంతా చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒక చెప్పు ఆ అబ్బాయి బండి కింద ఇరుక్కుపోయి ఉంది. నొప్పి అని కూడా అనలేదు, కాలు కదలట్లేదమ్మా అంది అంతే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కీలు మార్చారు, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది, మొత్తం 2,80,000 రూపాయలు అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లోంచి బాల్కనీ దాకా నడుస్తుంది. గుడి సంగతి ఎత్తితే మాట మార్చేస్తుంది.

గుద్దిన అబ్బాయి పారిపోలేదు, అది చెప్పాలి. ఇరవై మూడేళ్లు ఉంటాయి, జమ్మలమడుగు దగ్గర పల్లె, ఇక్కడ ఒక షోరూములో పని. అమ్మని ఆటోలోకి ఎత్తింది వాడే. మర్నాడు కొబ్బరిబోండాలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చి వార్డు బయట నిలబడ్డాడు, లోపలికి రావడానికి భయపడ్డాడు. నేనే బయటికి వెళ్లి అడిగాను, వన్‌వేలో ఎదురు ఎందుకు వచ్చావురా అని. వాడు తల దించుకుని చెప్పిన మాట ఇది: “యూటర్న్ శానా దూరమక్కా. రోజూ ఇట్లే వస్తా. ఎప్పుడూ ఏం కాలేదక్కా.”

రోజూ ఇట్లే వస్తా అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆ రాత్రి ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఫోన్లో వాడి బండి నంబర్ కొట్టి చూశాను. పదిహేడు చలానాలు వచ్చాయి, అన్నీ పెండింగే. పద్నాలుగు నెలల్లో పదిహేడు. నో ఎంట్రీలో వచ్చినందుకు పదకొండు, హెల్మెట్ లేనందుకు నాలుగు, సిగ్నల్ దాటినందుకు రెండు. ఒక్కొక్కటి 500, మొత్తం 8,500. ఒక్కోదాన్ని తెరిచి చూశాను. తేదీ ఉంది, టైము ఉంది, చోటు ఉంది, కొన్నిటికి ఫోటో కూడా ఉంది. ఆ నో ఎంట్రీ పదకొండులో తొమ్మిది మా అమ్మ పడిపోయిన రోడ్డు మీదవే, పొద్దున ఎనిమిదిన్నరకీ తొమ్మిదింబావుకీ మధ్యవే. ఒక ఫోటోలో వెనకాల మా బడ్డీకొట్టు రేకు షెడ్డు కూడా కనిపిస్తోంది.

అంటే ఈ బండి, ఈ టైముకి, ఈ రోడ్డు మీద, ఎదురుగా వస్తుందని మీ దగ్గర తొమ్మిదిసార్లు రాసిపెట్టి ఉంది. కెమెరా దాని పని అది చేసింది, డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఎండలో నిలబడి ఫోటో తీసి తన పని తాను చేశాడు. ఆ తర్వాత ఎవరు ఏం చేయాలి? నాకు తెలిసినంతలో తర్వాత ఎవరూ ఏమీ చేయలేదు, ఒక మెసేజ్ వెళ్లింది, అది కూడా వాడికి వెళ్లలేదు, ఎందుకంటే బండి వాళ్ల అన్న పేరు మీద ఉంది, అన్న ఉండేది హొసూరులో. ఆయన మెసేజ్ చూసి పక్కన పెట్టేశాడట. కట్టకపోతే ఏమైంది గనక అని అందరూ అనుకునేదే ఆయనా అనుకున్నాడు.

చట్టంలో లేకపోతే వేరు. చట్టంలో ఉంది. నేను లాయర్ని కాను, ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, కానీ ఈ ఐదారు నెలల్లో ఆ చట్టాన్ని ముందేసుకుని చదివాను. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 184వ సెక్షన్ ప్రమాదకరంగా బండి నడపడం గురించి. ఎర్ర లైటు దాటడం, నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం, ట్రాఫిక్‌కి ఎదురు రావడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయని పేరు పెట్టి మరీ రాశారు. మొదటిసారి అయితే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే 10,000 జరిమానా, రెండేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. చిన్న తప్పులకి పెట్టిన 177వ సెక్షన్‌లో కూడా మొదటిసారి 500, ఆ తర్వాత 1,500 అని ఉంది. హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్స్ పనికిరాదని 194డి చెప్తోంది. చట్టం రాసినవాళ్లు మొదటిసారికీ రెండోసారికీ తేడా చూశారు. రోడ్డు మీద ఆ తేడా ఎక్కడుంది? మా అమ్మని గుద్దిన బండికి మొదటి చలానా 500, పదిహేడోది కూడా 500.

ఇది కొత్త సంగతి కూడా కాదు. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, ఎర్ర లైటు దాటినా, అతివేగంగా నడిపినా, తాగి నడిపినా, డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడినా కనీసం మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేయాలని. పదేళ్లు దాటింది. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లున్నాయి, నాకు తెలిసి ఒక్కరి లైసెన్స్ కూడా ఎప్పుడూ సస్పెండ్ అవ్వలేదు, చలానాలు మాత్రం దాదాపు అందరికీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆగస్టు 23 నుంచి సెప్టెంబర్ 12 దాకా పెండింగ్ చలానాల మీద సగం డిస్కౌంట్ ఇచ్చారు. సెప్టెంబర్ మధ్యలో మళ్లీ ఆ నంబర్ కొట్టి చూశాను. పెండింగ్ ఏమీ లేవని వచ్చింది. ఫోన్ చేసి అడిగితే ఆ అబ్బాయి దాచకుండా చెప్పాడు, “ఆఫర్ ఉండె కదక్కా, అన్న కట్టేసినాడు” అని. 4,250 రూపాయలు. పదిహేడుసార్లు చేసిన తప్పు మొత్తం 4,250 రూపాయలకి తుడిచిపెట్టుకుపోయింది, మా అమ్మ అప్పటికి ఇంకా మంచం మీదే ఉంది, బెడ్‌పాన్ పెట్టడానికి నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

డిస్కౌంట్ ఎందుకు ఇస్తారో నాకు అర్థం కాకపోలేదు. కేసులు లక్షల్లో పేరుకుపోతాయి, కోర్టులకి అంత తీరిక ఉండదు, వసూలు కాని జరిమానా కాగితం మీద ఉండి ఏం లాభం, సగమైనా వస్తే మేలు అనే లెక్క. 2023 ఫిబ్రవరిలో మొదటిసారి ఇలా ఇచ్చినప్పుడు తొమ్మిది రోజుల్లోనే వంద కోట్లు దాటి వసూలయ్యాయి, జనం స్టేషన్ల ముందు క్యూ కట్టారు, నేను కూడా మా ఆయన కారు మీద ఉన్న ఒక పార్కింగ్ చలానా అప్పుడే కట్టాను. ఆ ఏడాదే మళ్లీ ఇచ్చారు. 2025లో ఆగస్టులో ఇచ్చారు, నవంబర్ 21 నుంచి డిసెంబర్ 12 దాకా ఇంకోసారి ఇచ్చారు. తెలంగాణలోనూ ఇంతే, 2022లో టూవీలర్లకి 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గించారు. ఇన్నిసార్లు ఇచ్చాక ఎవరైనా ఏం నేర్చుకుంటారు? చలానా వస్తే కట్టకూడదు, ఆగాలి, ఆషాఢం సేల్ లాగా ఇది కూడా వస్తుంది. వెంటనే నిజాయితీగా 500 కట్టినవాడు తెలివితక్కువవాడు అయిపోయాడు. మా ఆఫీసులో ఒకతను మెసేజ్ వచ్చిన రోజే కట్టేసేవాడు, ఆగస్టులో అందరూ అతన్ని చూసి నవ్వారు, ఇప్పుడు అతను కూడా కట్టడం మానేశాడు. నాకు చాలా బాధేసింది అది చూసి.

నేను మిమ్మల్ని అడిగేది ఇది. డబ్బు వేరు, లెక్క వేరు. డబ్బు సగం తీసుకుంటారో పావు తీసుకుంటారో అది ప్రభుత్వం ఇష్టం. కానీ ఎన్నిసార్లు తప్పు చేశాడు అన్న లెక్క డబ్బు కట్టినంత మాత్రాన పోకూడదు. మేము అకౌంట్స్‌లో బాకీ తీరిన పార్టీ పేరు పుస్తకంలోంచి కొట్టేయం, ఎన్నిసార్లు ఆలస్యంగా కట్టాడో, ఎన్ని చెక్కులు తిరిగొచ్చాయో అన్నీ అందులోనే ఉంటాయి, మళ్లీ సరుకు అప్పు ఇచ్చేముందు ఆ పేజీ తెరిచి చూస్తాం. లైసెన్స్ కూడా ప్రభుత్వం మనిషిని నమ్మి ఇచ్చేదే కదా. ఏడాదిలో ఐదు తప్పులు దాటినవాడికి డిస్కౌంట్ అసలు ఉండకూడదు, వాడి ఫైలు దానంతట అదే ఆర్టీవో టేబుల్ మీదికి రావాలి, అక్కడ వాడిని పిలిచి అడగాలి, లైసెన్స్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి, తిరిగి ఇచ్చేముందు ట్రైనింగ్‌కి పంపాలి. అదే మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్‌లో మీకు ఆ అధికారం ఉంది, రిఫ్రెషర్ ట్రైనింగ్ మాట కూడా 2019 సవరణలోనే చేర్చారు.

కొందరు అంటారు, జరిమానా పెంచేస్తే సరిపోతుంది కదా అని. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం పెంచింది, అదే నెలలో ఇక్కడ జనం గోల పెడితే కర్ణాటక తగ్గించింది, హెల్మెట్ జరిమానా 1,000 నుంచి 500 అయింది. నాకు ఆ తగ్గించడం మీద పెద్ద కోపం లేదు, ఎందుకంటే డబ్బుతో పెట్టే శిక్ష అందరికీ ఒకేలా తగలదు. డెలివరీ చేసే పిల్లాడికి 500 అంటే ఒక రోజు కష్టం, పెట్రోలు పోను మిగిలేదంతా పోయినట్టే. అరవై లక్షల కారులో పోయేవాడికి 500 అంటే కాఫీ, శాండ్‌విచ్. జరిమానా పదివేలు చేస్తే పిల్లాడు బండి అమ్ముకోవాలి, కారు ఆయన ఇంకా కట్టేసి పోతూనే ఉంటాడు. లైసెన్స్ మూడు నెలలు పోవడం మాత్రం ఇద్దరికీ మూడు నెలలే. కాబట్టి బీదవాళ్ల మీద జాలి ఉన్నవాళ్లే జరిమానా కంటే లెక్క గట్టిగా ఉండాలని అడగాలి, నేను అలాగే అడుగుతున్నాను.

హైదరాబాద్‌లో ఉండే మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2017 ఆగస్టులో అక్కడ పెనాల్టీ పాయింట్లు పెట్టారు. తప్పుని బట్టి పాయింట్లు, రెండేళ్లలో పన్నెండు అయితే లైసెన్స్ ఏడాది సస్పెండ్. మా తమ్ముడు అప్పుడు కూకట్‌పల్లిలో ఉండేవాడు, నాలుగు పాయింట్లు పడగానే హెల్మెట్ లేకుండా గేటు దాటేవాడు కాదు, డబ్బు కంటే ఆ పాయింట్లంటేనే టెన్షన్ అక్కా అనేవాడు. ఆ పద్ధతి నిలబడలేదు. నిలబడకపోవడానికి కారణాలు ఉండొచ్చు, కానీ ఆలోచన తప్పని నాకు ఇప్పటికీ అనిపించట్లేదు, పైగా మీ దగ్గర ఇప్పుడు ఉన్న సాధనాలు అప్పుడు వాళ్ల దగ్గర లేవు. 2022 డిసెంబర్‌లోనే మీరు 50 జంక్షన్లలో నంబర్ ప్లేటు చదివే కెమెరాలు 250, సిగ్నల్ దాటితే పట్టుకునేవి 80 పెట్టారు. ఒక బండి ఏ రోడ్డు మీద ఏ టైముకి తప్పు చేస్తుందో మీ కంప్యూటర్‌కి తెలుసు. తొమ్మిదిసార్లు ఒకే రోడ్డు, ఒకే టైము అని తెలిసిన తర్వాత పదోరోజు పొద్దున ఎనిమిదిన్నరకి అక్కడ ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టి ఆ బండి ఆపించడానికి ఇంకే టెక్నాలజీ కావాలి?

అడ్డంకి ఒకటుందని నాకు తెలుసు, మా కేసులోనే చూశాను. కెమెరాకి బండి కనిపిస్తుంది, నడిపేవాడు ఎవరో కనిపించడు. చలానా ఓనర్ పేరు మీద పోతుంది, లైసెన్స్ నడిపేవాడిది. అన్న పేరు మీద బండి, నడిపేది తమ్ముడు, అలాంటప్పుడు ఎవరి లైసెన్స్ ఆపుతారు? నాకు తోచింది చెప్తాను. మూడో చలానా పడగానే ఓనర్‌కి నోటీసు పంపండి, బండి ఎవరు నడుపుతున్నారో ఇన్ని రోజుల్లో చెప్పమని. చెప్తే ఆ మనిషి లైసెన్స్ మీద లెక్క మొదలవుతుంది, చెప్పకపోతే ఓనర్ లైసెన్స్ మీదే. సెకండ్ హ్యాండ్ బండ్లు పేరు మార్చకుండా చేతులు మారుతుంటాయి, ఇలా చేస్తే ఆ అలవాటు కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఎవరో చేసిన తప్పుకి తన లైసెన్స్ పోతుందంటే పాత ఓనరే వెంటపడి పేరు మార్పిస్తాడు. ఇంకో సంగతి, ఆ బండికి ఇన్సూరెన్స్ అయిపోయి ఎనిమిది నెలలైంది. ఉండి ఉంటే మాకు కొంతైనా దక్కేదేమో. నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా తెలిసిపోతుంది కదా, మరి పదిహేడుసార్లు నంబర్ కొట్టినప్పుడు అది ఎవరి కంటా ఎందుకు పడలేదు?

స్టేషన్‌లో ఏం జరిగిందో వివరంగా రాయను, ఏ స్టేషనో కూడా రాయను. రాజీ పడిపోండి మేడమ్, పిల్లాడి జీవితం పాడవుతుంది అన్నారు. నేను పిల్లాడి జీవితం పాడవ్వాలని వెళ్లలేదు. కేసు పెట్టించాను, నడుస్తోంది, దాని గురించి ఇక్కడ మాట్లాడటం సరికాదు.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ అబ్బాయి చెప్పిన యూటర్న్ దూరం అబద్ధం కాదు, నేను ఆటోలో కూర్చుని కొలిపించాను, వెళ్లి తిరిగి రావడానికి రెండున్నర కిలోమీటర్లు పైనే, ఆఫీసు టైములో ఇరవై ఐదు నిమిషాలు. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర పొద్దున పూట ఒకసారి నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది ఆ ఇరవై ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో. ఒకే చోట వందల బండ్లు రోజూ ఎదురు వస్తున్నాయంటే అక్కడ రోడ్డు వేసిన తీరులో కూడా ఏదో లోపం ఉంది, మీ చలానాల లెక్కే ఆ చోటు చూపిస్తుంది, దాన్ని రోడ్లు వేసేవాళ్లకి పంపించండి. అలాగే పది నిమిషాల్లో తెచ్చిస్తామని ప్రకటన ఇచ్చే కంపెనీలు, వాళ్ల కింద పనిచేసే పిల్లల చలానాల లెక్క వాళ్ల ముందు పెట్టండి, అంత టైములో అన్ని ఆర్డర్లు ఎలా వేస్తున్నారో వాళ్లని అడగండి. టైము వాళ్లది, చలానా మాత్రం పిల్లాడిది అంటే ఎలా?

కెమెరాలు తప్పు చేస్తాయి, నంబర్‌లో ఒక అక్షరం అటూ ఇటూ చదివి వేరేవాళ్లకి పంపిస్తాయి, మా వదిన స్కూటీకి ఎప్పుడూ వెళ్లని ఏరియాలో చలానా వచ్చింది. లైసెన్స్ పోయేంత లెక్క పెట్టేటప్పుడు నాది కాదు అని చెప్పుకోవడానికి సులువైన దారి ఉండాలి, పదిసార్లు తిప్పకూడదు. సర్కారు బండ్లకి, పోలీసు బండ్లకి కూడా ఇదే లెక్క ఉండాలి, లేకపోతే జనం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. నంబర్ ప్లేటు వంచేసేవాళ్లు, చివరి అంకె మీద మాస్కు తగిలించేవాళ్లు, కర్చీఫ్ కట్టేవాళ్లు ఉన్నారే, వాళ్లది పొరపాటు అసలే కాదు, తెలిసి చేస్తున్నారు, వాళ్లకి మొదటిసారే బండి ఆపేయండి. ఫుట్‌పాత్ మీద బండి నడిపేవాళ్లకి కూడా. అమ్మ రోడ్డు మీద పడింది, రేపు ఫుట్‌పాత్ మీద నిలబడినవాళ్లకి కూడా దిక్కులేదంటే ముసలివాళ్లు ఎక్కడ నడవాలి?

ఇక ఇది చదివే మన పిల్లలకి రెండు మాటలు. ఆంధ్రా నంబర్ బండి కదా ఆంటీ, ఇక్కడి చలానా అక్కడికి ఎవరు పట్టుకొస్తారు అని మా బిల్డింగ్ కింద పీజీలో ఒకడు నాతోనే అన్నాడు. చలానా రాకపోవచ్చు నాయనా. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50,029 మంది. 2023లో ఒక్క బెంగళూరులోనే 900 మందికి పైగా. ఇక్కడ మీకు జ్వరమొస్తే చూడటానికి ఎవరూ లేరు, ఊళ్లో మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాల్సింది మాలాంటివాళ్లమే. పోయినేడాది మా వీధిలో ఒక పిల్లాడి గురించి వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పింది మా ఆయన. ఆ తండ్రి అవతల మొదట ఏమీ మాట్లాడలేదు, తర్వాత బాబూ కొంచెం మెల్లిగా చెప్పండి అన్నాడంట, ఆ మాట చెప్పి మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మా అమ్మని గుద్దిన అబ్బాయి మీద నాకు పగ లేదు. ఐదోసారో ఆరోసారో ఎవరైనా వాడిని ఆపి, లైసెన్స్ తీసుకుని, ఒక నెల బస్సులో తిరుగు అని ఉంటే వాడికి కోర్టు చుట్టూ తిరిగే పని ఉండేది కాదు, ఈ వయసులో వాడి తల మీద ఒక కేసు ఉండేది కాదు. అమ్మ కూడా అదే అంటుంది, వాడిని ఎవురూ అడిగినోళ్లు లేరు కదమ్మా పాపం అని. ఆమె మంచితనం ఆమెది. కానీ అడగాల్సిన బాధ్యత మీది, అందుకే ఉత్తరం మీకు రాస్తున్నాను.

పోయిన వారం ఎందుకో మళ్లీ ఆ నంబర్ కొట్టి చూశాను. రెండు కొత్త చలానాలు ఉన్నాయి. రెండూ నో ఎంట్రీ, ఒకటి పొద్దున 8:47కి, ఇంకోటి 8:52కి, అదే రోడ్డు. వాటి వివరాలు, పాత పదిహేడింటి స్క్రీన్‌షాట్లు, అన్నీ తేదీల వారీగా కన్నడం ఉత్తరంతో పాటు మీకు పంపించాను. మీ కంప్యూటర్లో అవి ఇప్పుడు ఒకటి, రెండు అని కనిపిస్తుంటాయి. వాటిని పద్దెనిమిది, పందొమ్మిది అని రాసుకోండి, రాసుకుని వాడిని పిలవండి.

ఇట్లు,
కె.ఆర్.పురం నుంచి, ఒక కూతురు